16 మంది పిల్లలతో వారం రోజుల హిమాలయ నడక: శ్రీకాకుళం నుంచి వెళ్ళొచ్చినవాళ్ళు దారి చెప్పండి

వంశధార_కుర్రోడు | ఆగస్టు 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా యువజన సంఘం తరఫున ఏటా రక్తదానం, చెరువు గట్ల మీద మొక్కలు, వేసవిలో పిల్లలకి ఈత లాంటివి చేస్తుంటాం. ఈసారి పిల్లల్ని హిమాలయాలకి తీసుకెళ్ళాలని తీర్మానం చేసుకున్నాం. మొత్తం 16 మంది, 17 నుంచి 22 ఏళ్ళ లోపువాళ్ళు, అందులో ఐదుగురు అమ్మాయిలు. నలుగురు సీతంపేట కొండల నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో చదువుకుంటున్నారు. ముగ్గురిది ఉద్దానం. మిగిలినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. పెద్దవాళ్ళం ముగ్గురం. మా ముగ్గురిలో మంచు చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ మనాలీలో బస్సు దిగి.

మనసులో ఉన్నది హంప్టా కనుమ, 4,270 మీటర్లు. ట్రెక్కింగ్ కంపెనీకి ఇచ్చేంత డబ్బు లేదు. మా బ్యాగులు మేమే మోసుకుని, టెంట్లు వేసుకుని, వండుకుని వెళ్దామని ఆలోచన. రైలుతో కలిపి మనిషికి 12 వేలు దాటకూడదు. నవంబరు రెండో వారం నుంచి పన్నెండు రోజులు అందరికీ కుదురుతాయి.

నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడని చెప్పిన రోజు పిల్లలు రాత్రి పదింటి దాకా ఇంటికి వెళ్ళలేదు. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడేటప్పటికి ఆమెకి పధ్నాలుగేళ్ళు నిండలేదు. మా పిల్లలూ ఒక్కసారి ఆ కొండల్ని దగ్గర నుంచి చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కొండగాలి | ఆగస్టు 3, రాత్రి 11:05

తమ్ముడూ, హంప్టా నేను నడిచాను, సెప్టెంబరులో. ఇటువైపు కులూ లోయ పచ్చగా ఉంటుంది. కనుమ దాటామో లేదో అటు లాహౌల్ వైపు అన్నీ రాళ్ళే, గడ్డిపోచ కనబడదు. అది చూసి తీరాల్సిందే. కాకపోతే నవంబరు అంటున్నావు. అప్పటికి కనుమ మీద మంచు పడిపోతుంది, నడిపించేవాళ్ళు కూడా కిందికి దిగిపోతారు. డిసెంబరుకి జరుపుకోగలిగితే ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ చూడు. 3,800 మీటర్లు, పూర్తిగా మంచులో నడక. సాంక్రీ దాకా జీపులు వెళ్తాయి.

బొబ్బిలి_డ్రిల్‌మాస్టారు | ఆగస్టు 4, ఉదయం 6:20

బాబూ, ముప్పై ఏళ్ళు బడి పిల్లలకి ఆటలు నేర్పినవాణ్ణి. హిమాలయాలకి ఐదుసార్లు వెళ్ళాను, అందులో రెండుసార్లు పిల్లలతో. నీ ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంది. కానీ నువ్వు ముందు కొండని ఎంచుకుని, తర్వాత పిల్లల్ని దానికి సరిపెట్టాలని చూస్తున్నావు. దాన్ని తిరగెయ్యి.

మన ఇళ్ళు సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. ఇక్కడ ఒక గుక్కలో పది పాళ్ళు అందే ప్రాణవాయువు హంప్టా మీద ఆరు పాళ్ళే అందుతుంది. అక్కడ నడక మొదలయ్యే జోబ్రాయే సుమారు 3,000 మీటర్లు. మూడో రోజుకల్లా కనుమ మీద ఉండాలి. అలవాటు పడటానికి ఒంటికి టైము ఏదీ? పైగా టెంట్లు, గిన్నెలు, స్టవ్వులు మోస్తూ, మంచులో నడక ఎరగని ముగ్గురు పెద్దవాళ్ళతో. వద్దు.

నేను చేసిన తప్పు చెబుతాను, నీకు పనికొస్తుంది. ఒకసారి పదకొండు మంది పిల్లల్ని తీసుకెళ్ళాను. 3,400 మీటర్ల దగ్గర ఒక కుర్రాడు పొద్దున్నే తలనొప్పి అన్నాడు. రాత్రి నిద్ర లేదేమో అనుకుని మాత్ర ఇచ్చి నడిపించాను. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు, అలిసిపోయాడేమో అనుకున్నాను. సాయంత్రం వాంతి చేసుకుని, లేచి నాలుగడుగులు వేశాడు, కల్లు తాగినవాడిలా తూలాడు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. చీకట్లో టార్చిలైట్లతో వాణ్ణి భుజాల మీద వేసుకుని కిందికి దించాం. తెల్లారేసరికి ఆకలంటూ లేచి కూర్చున్నాడు. వాడి తల్లి బడికి వచ్చి నాకు అరిసెలు ఇచ్చి వెళ్ళింది. ఆవిడకి జరిగింది పూర్తిగా చెప్పానో లేదో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

నా మాట వింటే సందక్‌ఫు, ఫాలూట్ వైపు వెళ్ళండి. పశ్చిమ బెంగాల్, నేపాల్ సరిహద్దు మీద సింగలీలా కొండల వరస. సందక్‌ఫు 3,636 మీటర్లు, ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్టు, కాంచన్‌జంగా, లోత్సే, మకాలు నాలుగూ ఒక్కచోట నుంచి కనబడతాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన ఐదు శిఖరాల్లో నాలుగు అవే. టెంట్లు అక్కర్లేదు, దారిలో మకాం ఇచ్చే ఇళ్ళు, ట్రెక్కర్ల హట్లు ఉంటాయి. గైడు తప్పనిసరి, నడక మొదలయ్యే మానేభంజాంగ్‌లోనే మాట్లాడుకోవచ్చు. నవంబరు దానికి మంచి కాలం. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా మాత్రం ఆ దారి ఉన్న సింగలీలా నేషనల్ పార్కు మూసేస్తారు. మనకి హౌరా వైపు రైళ్ళకి కొదవ లేదు కదా.

వంశధార_కుర్రోడు | ఆగస్టు 4, రాత్రి 8:15

మాస్టారూ, ధన్యవాదాలు. మీరు చెప్పింది రాత్రి పిల్లలకి చదివి వినిపించాను. ఇద్దరు ముగ్గురు ముఖం ముడుచుకున్నారు. సందక్‌ఫు దాకా జీపు రోడ్డు ఉందట కదా, జీపులో వచ్చిన టూరిస్టుల పక్కన నిలబడటానికి వారం రోజులు నడవాలా అని వాళ్ళ ప్రశ్న.

మాజీ_జవాను_నరసన్నపేట | ఆగస్టు 4, రాత్రి 9:02

బాబూ, నాను ఉత్తర సిక్కింలో మూడేళ్ళు సేసినాను. ఆ రోడ్డు ఉండబట్టే మీ పిల్లలకి ఆ కొండ మంచిది. ఏ గుంటడికైనా రాత్రి ఊపిరాడకపోతే జీపులో ఏసి దించేసుకోవచ్చు. రోడ్డు లేని కాడ స్ట్రెచరు మొయ్యాలి. ఒకడికి ఎనమండుగురు కావాల, మార్చుకుంటా మొయ్యడానికి. మోసినోడికి తెలుస్తాది.

ఆర్మీలో లెక్క సెప్తాను సూడండి. 9 వేల అడుగులు దాటితే ఆరు రోజులు అక్కడే ఉంచుతారు, అందులో మొదటి రెండ్రోజులు ఊరికే కూకోడమే. 12 వేలు దాటితే ఇంకో నాలుగు రోజులు. 15 వేలు దాటితే మళ్ళీ నాలుగు. పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తే జవాన్లకి ఆ లెక్క పెట్టినారంటే ఊరికే పెట్నారేటి? హంప్టా 14 వేల అడుగులు. సందక్‌ఫు 12 వేలకి లోపే.

మా కంపెనీలో కుస్తీ పట్టేవోడు ఒకడుండీవోడు. కొండంత మనిషి. పైకి ఎల్లిన మూడో రాత్రి దగ్గు మొదలైనాది, ఎవుడికీ సెప్పలేదు, పరువు తక్కువనుకున్నాడు. తెల్లారీసరికి పెదాలు నీలంగా అయిపోనాయి. ఆక్సిజన్ పెట్టి దించినాం, బతికినాడు. గట్టోణ్ణి అనుకున్నోడే దాస్తాడు బాబూ. మీ పిల్లలకి ముందు నేర్పవలసింది నడక కాదు. తలనొప్పొస్తే సెప్పడం నేర్పండి.

కొండగాలి | ఆగస్టు 4, రాత్రి 10:30

జవాను గారి మాటతో ఏకీభవిస్తాను, హంప్టా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి డయామాక్స్ మాత్రలు అందరికీ మొదటి రోజు నుంచే వేసేస్తే సరిపోదా? మా ఆఫీసు బ్యాచిలో అందరం వేసుకున్నాం.

సీతంపేట_స్టాఫ్‌నర్సు | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:10

డ్యూటీ దిగి రాస్తున్నాను, కాస్త పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు డయామాక్స్ సంగతి. ఆ మాత్ర ఒళ్ళు అలవాటు పడటాన్ని తొందర చేస్తుంది, అంతే. అది వేసుకున్నాం కదా అని రెండ్రోజుల ఎత్తు ఒక్కరోజులో ఎక్కకూడదు. సల్ఫా మందులు పడనివాళ్ళకి, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు. పదహారు మందికి చాక్లెట్లు పంచినట్టు పంచేది కాదు. మీరు నిదానంగా ఎక్కితే చాలామందికి దాని అవసరమే రాదు.

ఇప్పుడు అసలు విషయం. మా కొండల పిల్లలు నలుగురున్నారని రాశారు. వాళ్ళకి సికిల్ సెల్ పరీక్ష అయిందా? మన మన్యంలో ఆ జబ్బు ఉందని అందరికీ తెలుసు. కానీ జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రం తల్లి నుంచో తండ్రి నుంచో తెచ్చుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ మంది ఉంటారు. వాళ్ళు ఆరోగ్యంగా ఉంటారు, చెట్లెక్కుతారు, బరువులు మోస్తారు, ఏ తేడా కనబడదు. పెద్ద ఎత్తుకి వెళ్ళినప్పుడు ప్రాణవాయువు తగ్గి, వాళ్ళ రక్తకణాలు కొడవలిలా వంగి ప్లీహంలో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఎడమవైపు పక్కటెముకల కింద విపరీతమైన నొప్పి వస్తుంది. అందరికీ రాదు. వస్తే మాత్రం ఆ కొండ మీద మీరు చేయగలిగింది దించడం ఒక్కటే. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో 40 ఏళ్ళ లోపు వాళ్ళకి పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు. మీ నలుగురి దగ్గర కార్డు ఉంటే చూడండి, లేకపోతే మా దగ్గరికి తీసుకురండి. ఆ నలుగురికే కాదు, పదహారు మందికీ చేయించండి. కొండ పిల్లల్ని వేరుగా నిలబెట్టినట్టు ఉండకూడదు.

అమ్మాయిలకి హిమోగ్లోబిన్ చూపించండి, ఇప్పుడే. తక్కువ ఉంటే ఐరన్ మాత్రలతో పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మీకు సరిగ్గా అంతే టైము ఉంది.

ఉద్దానం_అమ్మాయి | ఆగస్టు 5, సాయంత్రం 6:48

నమస్తే మేడం. ఆ 16 మందిలో నేనూ ఒకదాన్ని. మాది కవిటి మండలం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. మా నాన్నకి నాలుగేళ్ళ నుంచి డయాలసిస్. మా పెదనాన్న కూడా ఆ జబ్బుతోనే పోయారు. నాకు ఇప్పటిదాకా ఏమీ లేదు. అయినా ఈ ఊళ్ళో పుట్టినందుకు నేను ఆగిపోవాలా? నాకు చాలా వెళ్ళాలని ఉంది.

సీతంపేట_స్టాఫ్‌నర్సు | ఆగస్టు 5, రాత్రి 7:30

అమ్మా, ఆగిపోనక్కర్లేదు. క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకో. రెండూ బాగుండి డాక్టరు సరేనంటే హాయిగా వెళ్ళు. గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఒళ్ళు నొప్పులని ఎవరైనా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఇస్తే తీసుకోవద్దు. చెమట పోసి నీళ్ళు తక్కువైనప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద దెబ్బ తీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. చలిలో దాహం తెలియదు, అయినా గంటకోసారి నాలుగు గుక్కలు తాగు. వంశధార గారూ, మీ మందుల పెట్టెలోంచి ఆ నొప్పి మాత్రలు ముందే తీసేయండి. ఉద్దానం పిల్లలు ఉన్న గుంపులో అవి ఉండకపోవడమే మంచిది.

వంశధార_కుర్రోడు | ఆగస్టు 5, రాత్రి 9:55

మేడం, ఈ రెండు విషయాల్లో ఒక్కటీ నా బుర్రకి తట్టలేదు. బూట్లు, జాకెట్ల జాబితా రాసుకుంటూ కూర్చున్నాను. ఈ శనివారమే అందర్నీ పరీక్షలకి తీసుకెళ్తాను. సందక్‌ఫు ఖాయం.

చోడంబలి | ఆగస్టు 7, ఉదయం 10:12

నేను పార్వతీపురం నుంచి. పోయిన నవంబరులో మేం ఆరుగురు ఆడవాళ్ళం సందక్‌ఫు, ఫాలూట్ నడిచొచ్చాం. దారి చెబుతాను.

న్యూ జల్పాయిగురిలో దిగి జీపులో మిరిక్, సుఖియాపోఖ్రి మీదుగా మానేభంజాంగ్ చేరాలి, నాలుగైదు గంటలు. హౌరాలో రైలు దిగితే చాలా బళ్ళకి సియాల్దా వెళ్ళి ఎక్కాలి, ఇరవై మంది సామాన్లతో ఊరు దాటడానికి తీరుబడి పెట్టుకోండి. విజయనగరం మీదుగా గువాహటి, డిబ్రూగఢ్ వైపు వెళ్ళే దూరపు బళ్ళు నేరుగా న్యూ జల్పాయిగురిలో ఆగుతాయి, అవి దొరికితే ఆ బాధ లేదు. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి కంప్యూటర్ ముందు ఉండాలి.

మానేభంజాంగ్‌లో ఒక రాత్రి పడుకోండి, సుమారు రెండు వేల మీటర్లు. మర్నాడు తుమ్లింగ్, ఆ తర్వాత కాలీపోఖ్రి. అక్కడ చిన్న నల్లటి చెరువు ఉంటుంది, చుట్టూ రంగు జెండాలు. అక్కడి నుంచి సందక్‌ఫు ఆరు కిలోమీటర్లే. కానీ బిఖేభంజాంగ్ దాటాక ఎక్కుడు మోకాళ్ళని పిండేస్తుంది. ఆ చివరి నాలుగు కిలోమీటర్లలో మేం మాట్లాడుకోలేదు. తుమ్లింగ్, కాలీపోఖ్రి నేపాల్ వైపు ఉన్నాయి, దారి సరిహద్దుకి అటూ ఇటూ తిరుగుతుంది. సరిహద్దు జవాన్లు గుర్తింపు కార్డులు చూస్తారు. అసలువి తీసుకెళ్ళండి, జిరాక్సుల మీద ఆధారపడొద్దు.

రోడ్డు గురించి పిల్లలు అన్నమాట నిజమే, సందక్‌ఫు దాకా జీపులు తిరుగుతాయి. కానీ ఫాలూట్ వైపు తిరిగాక జీపులు బాగా తక్కువ. 21 కిలోమీటర్లు. ఎడమ పక్క ఎవరెస్టు, ఎదురుగా కాంచన్‌జంగా. ఆ శిఖరాల వరస పడుకున్న బుద్ధుడిలా ఉంటుందని అక్కడివాళ్ళు చూపిస్తారు. తల, రొమ్ము, పాదాలు నిజంగానే విడివిడిగా కనబడ్డాయి. నేను ఆ రోజంతా కొండ దిక్కు చూస్తూ నడిచి రెండుసార్లు పడ్డాను. ఆ గుట్ట మీద నీళ్ళు దొరకవు, మనిషికి రెండు మూడు లీటర్లు సందక్‌ఫులోనే నింపుకోండి. ఫాలూట్‌లో పడుకునే చోటు చాలా తక్కువ, పదహారు మందికి ముందే మాట్లాడుకోకపోతే ఇబ్బంది. అక్కడి నుంచి గోర్ఖే దిగుతారు, పైన్ చెట్ల మధ్య ఏటి ఒడ్డున ఊరు. తర్వాత రమ్మామ్ మీదుగా శ్రీఖోలా, రింబిక్. అక్కడ జీపులు దొరుకుతాయి.

తిండికి భయపడకండి. అన్నం, పప్పు, బంగాళదుంప కూర, వేడి థుక్పా (నూడుల్స్ సూపు) పెడతారు. ఆ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. అందుకని కుక్కరు లేనిచోట అన్నం పలుగ్గా ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పండి. మేం ఇంటి నుంచి చోడిపిండి (రాగిపిండి), బెల్లం పట్టుకెళ్ళాం. పొద్దున్నే వేడి నీళ్ళలో కలిపి తాగి బయల్దేరితే పదకొండింటి దాకా ఆకలి లేదు. సున్నుండలు, వేయించిన అటుకులు, పలాస జీడిపప్పు. చింతకాయ పచ్చడి సీసా ఒకటి. పైన నోరు చచ్చిపోతుంది, ఏదీ రుచించదు, అప్పుడు ఆ పచ్చడే అన్నం తినిపించింది.

అమ్మాయిలకి ఒక మాట. చలికీ ఎత్తుకీ నెలసరి ముందూ వెనకా కావచ్చు, తేదీ కాదని ప్యాడ్లు వదిలేసి రావద్దు. వాడినవి గట్టి సంచిలో మూటగట్టి రింబిక్ దాకా కిందికి తెచ్చేయండి. అది ఎర్ర పాండాలు తిరిగే అడవి.

పలాస_నాన్న | ఆగస్టు 7, రాత్రి 9:30

నా చిన్న కూతురు ఈ గుంపులో ఉంది. చదువుతుంటే ధైర్యమూ వస్తోంది, భయమూ వస్తోంది. వాతావరణం సంగతి ఎవరూ రాయలేదు. నవంబరు అంటే మనకి తుపాన్ల నెల. 2018 అక్టోబరులో తిత్లీ మా తోటల్ని ఎలా పడగొట్టిందో చూసినవాణ్ణి. ఆ కొండల మీద అలాంటిది వస్తే?

తీరం_గాలి_కళింగపట్నం | ఆగస్టు 7, రాత్రి 11:15

అన్నయ్యా, మీ భయంలో అర్థం ఉంది. మన తీరానికీ ఆ కొండలకీ ఉన్న లంకె చాలామందికి తెలియదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. మనం కరెంటు లేక, తాగునీళ్ళు లేక ఆ గొడవలో ఉన్నాం. అదే తుపాను బలహీనపడుతూ ఉత్తరానికి వెళ్ళి, రెండ్రోజుల తర్వాత అక్టోబరు 14న నేపాల్‌లో అన్నపూర్ణ చుట్టూ మంచు కుమ్మరించింది. తోరాంగ్ లా కనుమ మీదా ఆ చుట్టుపక్కలా కనీసం 43 మంది చనిపోయారు. మన ఇంటి కప్పులు ఎగరగొట్టిన గాలే అది. వాళ్ళలో చాలామంది ఆ పొద్దున తేటగా ఉంటుందనుకుని బయల్దేరినవాళ్ళు.

అందుకని చేయవలసింది ఒకటే. బయల్దేరే వారం ముందు నుంచి బంగాళాఖాతం మీద కన్ను పెట్టాలి. అల్పపీడనం పుట్టిందని వాతావరణశాఖ చెబితే, అది ఒడిశా, బెంగాల్ వైపు తిరుగుతుందా చూడాలి. పైన ఉండగా కబురు తెలిస్తే సందక్‌ఫు దాటకూడదు. సందక్‌ఫు నుంచి గుర్దుం మీదుగా శ్రీఖోలాకి నేరుగా దిగే దారి ఉంది, ఒక్క రోజులో కిందికి రావచ్చు. ఇక్కడ ఇంట్లో ఒకరిని కేటాయించండి, రోజూ సాయంత్రం వాతావరణం చూసి గైడు ఫోనుకి కబురు పెట్టడమే వాళ్ళ పని. కావాలంటే ఆ పని నేను చేస్తాను. వేటకెళ్ళే పడవలకి ఎలాగూ చూసేదే.

పలాస_నాన్న | ఆగస్టు 8, ఉదయం 6:05

బాబూ, నువ్వు ఆ పని చేస్తానంటే నేను సంతకం పెడతాను.

బొబ్బిలి_డ్రిల్‌మాస్టారు | ఆగస్టు 8, ఉదయం 7:40

ఇంక తయారీ. మూడు నెలలు చాలు, ఒక్క ఆదివారం కూడా వదలకుండా ఉంటే. మొదటి నెల ఖాళీ బ్యాగుతో శాలిహుండం కొండ ఎక్కి దిగండి, నాలుగుసార్లు. కళింగపట్నం ఒడ్డున మెత్తటి ఇసకలో గంటసేపు నడవండి, పిక్కలకి అంతకన్నా మంచి సాధన లేదు. రెండో నెల బ్యాగులో బియ్యం మూటలు వేసి బరువు పెంచండి. మనిషి బరువులో అయిదో వంతు దాటకూడదు, 50 కిలోల అమ్మాయి 10 కిలోలకి మించి మొయ్యకూడదు. మగపిల్లలు పంతాలకి పోతారు, త్రాసు పెట్టి తూచండి.

అక్టోబరులో ఒకసారి మహేంద్రగిరి. 1,501 మీటర్లు. కొండ ఒడిశాలో ఉన్నా మందస వైపు నుంచి మనవాళ్ళు శివరాత్రికి ఎక్కుతూనే ఉంటారు. పైన భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి చూపించండి. రెండ్రోజులు పెట్టుకుని పూర్తి బరువుతో నడిపించండి. దానివల్ల ఎత్తు అలవాటు కాదు, అంత తక్కువ ఎత్తుకి ఒళ్ళు మారదు. కానీ బూటు ఎక్కడ కరుస్తుందో, ఎవరు వెనకబడతారో, ఎవరు అలిగితే మాట్లాడరో అన్నీ అక్కడే తెలుస్తాయి. కొత్త బూట్లు రైలెక్కే ముందు కొనడం మాత్రం వద్దు. ఈ నెలలోనే కొని, సాధన అంతా వాటితోనే చెయ్యాలి.

ఉద్దానం_అమ్మాయి | ఆగస్టు 8, ఉదయం 8:20

మాస్టారూ, మందస వైపు తోటల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. మా వాళ్ళు చీకట్లో జీడితోటలకి వెళ్ళరు. బాగా తెల్లారాకే అందరం కలిసి మాట్లాడుకుంటూ నడవాలి. సీతంపేట వైపు సాధనకి వెళ్తే ఏనుగులు ఎటు ఉన్నాయో ముందు అటవీశాఖ వాళ్ళని అడగాలి.

బొబ్బిలి_డ్రిల్‌మాస్టారు | ఆగస్టు 8, ఉదయం 8:41

మంచిమాట చెప్పావమ్మా. ఆ దారికి నువ్వే ముందు నడువు.

మాజీ_జవాను_నరసన్నపేట | ఆగస్టు 8, రాత్రి 8:50

బట్టల ఇసయం. జీన్సు పేంట్లు, నూలు బనీన్లు ఇంటికాడ ఒగ్గీండి. తడిస్తే ఆరవు, ఒంటి వేడి లాగీసుకుంటాయి. లోపల పాలిస్టరు, మద్దిలో ఉన్ని గానీ ఫ్లీసు గానీ, పైన గాలి ఆపే జాకెట్టు. ఫెదర్ జాకెట్టు నడిసేటప్పుడు ఏసుకోకండి, ఆగినప్పుడు ఏసుకోండి. రెండు జతల సాక్సులు పడుకోడానికే ఏరుగా దాసుకోవాల. మడమ ఎర్రబడినాదంటే పొక్కు రాకముందే టేపు ఎయ్యాల.

రోజూ పొద్దున్న, సాయంత్రం అందర్నీ వరసగా నిలబెట్టండి. తలనొప్పి ఉందేటి, అన్నం తిన్నావేటి, నిద్ర పట్టినాదేటి అని ఒక్కొక్కణ్ణీ అడగండి. అడిగీసి గీత మీద మడమకి బొటనేలు ఆనించి పది అడుగులు నడిపించండి. తూలినోడు పైకెల్లడు, అప్పుడే కిందకి. కూకున్నప్పుడు కూడా ఆయాసం వస్తే అప్పుడే కిందకి, అర్ధరాత్రయినా సరే. ఒట్టి తలనొప్పయితే అక్కడే ఆగాల, తగ్గేదాకా మెట్టు ఎక్కకూడదు. ఈ మాట మీద ఎవుడూ బేరమాడకూడదు, నాయకుడు కూడా.

వంశధార_కుర్రోడు | సెప్టెంబరు 9, రాత్రి 9:20

అందరికీ మళ్ళీ నమస్కారం. నెల రోజులు కనబడలేదు, సాధనలో ఉన్నాం. శాలిహుండం ప్రతి ఆదివారం ఎక్కుతున్నాం. కాలీపోఖ్రి తర్వాత సందక్‌ఫులో రెండు రాత్రులు పెట్టుకున్నాం. రెండో రోజు ఎక్కడికీ నడక లేదు. ఆ రోజు ఎవరికి బాగోలేకపోయినా ఫాలూట్ మానేసి గుర్దుం దారిలో దిగిపోతాం. ఈ సంగతి పిల్లల తల్లిదండ్రుల దగ్గర కాగితం మీద రాసి ఇచ్చాను. ఉద్దానం పిల్లలు ముగ్గురి కిడ్నీ పరీక్షలూ బాగున్నాయి. ఇద్దరు అమ్మాయిలకి హిమోగ్లోబిన్ తక్కువ వచ్చింది, మాత్రలు వాడుతున్నారు.

ఒక్క విషయం రాయడానికి చెయ్యి రావట్లేదు. సీతంపేట పిల్లల్లో ఒకడికి సికిల్ సెల్ లక్షణం ఉందని తేలింది. జబ్బు కాదు, లక్షణమే. అందరిలోకీ గట్టిగా నడిచేవాడు వాడే. శాలిహుండం మేం ఒకసారి ఎక్కేలోపు రెండుసార్లు ఎక్కి దిగి, వెనకబడినవాళ్ళ బ్యాగులు అందుకుంటాడు. శ్రీకాకుళంలో డాక్టరు గారు వాడి కాగితాలు చూసి 3,000 మీటర్లు దాటొద్దన్నారు. వాడికి ఇంకా చెప్పలేదు. ఎల్లుండి టిక్కెట్లు తెరుస్తారు. వాడు లేకుండా వెళ్ళడం నాకు ఇష్టం లేదు. వాణ్ణి ఆ ఎత్తుకి తీసుకెళ్ళడమూ కుదరదు.

సీతంపేట_స్టాఫ్‌నర్సు | సెప్టెంబరు 9, రాత్రి 10:00

డాక్టరు గారి మాట దాటొద్దు. వాడికి మీరే చెప్పండి, గుంపులో కాదు, పక్కన కూర్చోబెట్టుకుని. ఇది వాడి తప్పు కాదనీ, జబ్బు కాదనీ ముందు చెప్పండి. ఈ సంగతి ఇప్పుడే తెలియడం వాడికి రేపు పెళ్ళప్పుడు కూడా పనికొస్తుంది. పుట్టే పిల్లల గురించి ఆలోచించుకోవచ్చు. కావాలంటే ఇద్దరూ కలిసి రండి, నేను మాట్లాడతాను.

చోడంబలి | సెప్టెంబరు 9, రాత్రి 10:35

తమ్ముడూ, దారి ఒక్కవైపు నుంచే ఉందని ఎవరన్నారు? మీరు మానేభంజాంగ్ నుంచి పైకెక్కితే, వాడు జీపులో రింబిక్ చేరి శ్రీఖోలా, రమ్మామ్ మీదుగా గోర్ఖేకి నడిచి రావచ్చు. ఆ దారంతా 3,000 మీటర్లకి బాగా కిందే. అడవి, ఏరు, వేలాడే వంతెనలు, ఎక్కుళ్ళు దిగుళ్ళు. నాకు ఫాలూట్ తర్వాత అంత నచ్చిన దారి అదే. మీరు ఫాలూట్ నుంచి దిగే రోజుకి గోర్ఖేలో కలుస్తారు. వాడితో ఒక పెద్ద మనిషి ఉండాలి, అంతే. బయల్దేరే ముందు ఈ దారి కూడా డాక్టరు గారికి చూపించి అడగండి.

మాజీ_జవాను_నరసన్నపేట | సెప్టెంబరు 10, ఉదయం 5:15

ఆ గుంటడితో నానుంటాను. రాత్రి మా ఆవిడకి సెప్పీసినాను. రిటైరై తొమ్మిదేళ్ళయినాది, ఆ కొండల్ని మళ్ళీ సూడాలనుంది. మీ ముగ్గురూ పిల్లలతో పైకెల్లండి. మేమిద్దరం గోర్ఖేలో వేడన్నం వండించి ఉంచుతాం.

వంశధార_కుర్రోడు | సెప్టెంబరు 11, ఉదయం 8:26

డాక్టరు గారికి మ్యాపు చూపించాను, ఈ దారికి సరేనన్నారు. నిన్న సాయంత్రం నాగావళి గట్టు మీద వాడితో కూర్చుని చెప్పాను. చాలాసేపు ఏటి వైపు చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత గోర్ఖే ఎంత దూరం అని అడిగాడు. పైనుంచి దిగినవాళ్ళు అలిసిపోయి ఉంటారు కదా, ఊరి బయటకి ఎదురొచ్చి అమ్మాయిల బ్యాగులు తనే అందుకుంటానన్నాడు.

ఇప్పుడే టిక్కెట్లు దొరికాయి. మాజీ జవాను గారితో కలిపి ఇరవై. వాడు పై బెర్తు అడిగాడు, ఇచ్చాను. జవాను గారూ, మీకు కింది బెర్తు వచ్చింది. మీ ఆధార్ కార్డు అసలుది తెచ్చుకోవడం మర్చిపోకండి.